మంగళవారం అప్‌డేట్, బుధవారం అగచాట్లు: విండోస్‌ను మన అదుపులో పెట్టుకోవడం ఎలా

అనంతపురంలో మాది చిన్న డీటీపీ, జిరాక్స్ షాపు. రాత్రి మూసేటప్పుడు మెయిన్ స్విచ్ దించేసి షట్టర్ లాగడం మాకు అలవాటు. రెండేళ్ల కిందట, పెళ్లిళ్ల సీజన్ నడుమ, ఒక గురువారం రాత్రి షట్‌డౌన్ అనుకుని ‘అప్‌డేట్ అండ్ షట్‌డౌన్’ నొక్కాను. తెర మీద 30 శాతం, కంప్యూటర్ ఆపొద్దు అని ఇంత పెద్ద అక్షరాలతో కనబడుతూనే ఉంది, ఇంటికి పోయే తొందరలో మెయిన్ దించేశాను.

పొద్దున వచ్చి చూస్తే అది లేవలేదు. నల్లటి తెర మీద చుక్కలు గుండ్రంగా తిరుగుతూనే ఉన్నాయి. ఎదురుగా స్టూలు మీద పెళ్లికూతురి మేనమామ, చేతిలో పత్రిక ప్రూఫు. ముహూర్తం దగ్గర ‘రాత్రి’ అని పడాల్సిన చోట ‘పగలు’ అని పడింది, ఆ ఒక్క మాట దిద్దితే చాలు. “ఏమప్పా, ఇంకెంతసేపు?” అన్నాడు. “పది నిమిషాలన్నా” అన్నాను. ఆ పది నిమిషాలు మధ్యాహ్నం రెండు దాకా సాగాయి.

తప్పు నాదే, ఒప్పుకుంటున్నా. కానీ ఆ రోజు నుంచి ఈ అప్‌డేట్ల సంగతి పట్టించుకుని నేర్చుకున్నాను. ఇప్పుడు చుట్టుపక్కల షాపులవాళ్లు, ట్యాలీ రాసుకునేవాళ్లు, ఇంజినీరింగ్ పిల్లలు కంప్యూటర్ మొండికేస్తే నా దగ్గరికే వస్తున్నారు. వాళ్లకు విడివిడిగా చెప్పేదంతా ఒకచోట రాస్తే నాకూ గొంతు నొప్పి తగ్గుతుందని ఇది.

ముందే ఒక మాట. అప్‌డేట్లు శాశ్వతంగా ఆపేసే చిట్కా కోసం వచ్చుంటే అది ఇక్కడ దొరకదు. 2017 మే నెలలో వన్నాక్రై అనే వైరస్ ప్రపంచమంతా కంప్యూటర్లకు తాళాలేసి డబ్బులు అడిగింది, మన ఆంధ్ర పోలీసుల కంప్యూటర్లు కూడా కొన్ని దాని పాలబడ్డాయి. ఆ కన్నాన్ని పూడ్చే అప్‌డేట్ మార్చిలోనే, అంటే రెండు నెలల ముందే వచ్చేసింది. వేసుకున్నవాళ్లు బయటపడ్డారు. అందుకని అప్‌డేట్ వేసుకోవాల్సిందే. కాకపోతే అందరికంటే ముందు మనమే ఎందుకు వేసుకోవాలి? వాళ్లు చెప్పిన రోజు కాకుండా మనకు వీలైన రోజు వేసుకుందాం, చెడితే వెనక్కి వచ్చే దారి ముందే చూసి పెట్టుకుందాం.

మొదట: మీ దగ్గర ఉన్నదేంటో చూసుకోండి

కీబోర్డులో విండోస్ బటన్, ఆర్ కలిపి నొక్కితే చిన్న పెట్టె వస్తుంది. అందులో విన్‌వర్ అని ఇంగ్లిష్‌లో ఒకే పదంగా కొట్టి ఎంటర్ నొక్కండి. విండోస్ 10 ఆ, 11 ఆ, ఏ వెర్షన్ అన్నది అక్కడ ఉంటుంది. విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. ఇళ్లలో వాడుకునేవాళ్లకు పొడిగింపు భద్రతా అప్‌డేట్లు 2026 అక్టోబర్ 13 దాకా అన్నారు, దానికి సెట్టింగ్స్‌లో అప్‌డేట్ పేజీలోనే నమోదు చేసుకోవాలి. విండోస్ 11కి పోదామంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్, ఇంటెల్ అయితే దాదాపు 8వ తరం ప్రాసెసర్ ఉండాలి. మన ఊళ్లో సెకండ్‌హ్యాండ్‌లో దొరికే డెస్క్‌టాప్‌లు చాలావరకు ఈ పరీక్షలో తప్పుతాయి. కొనేముందే విన్‌వర్‌తో పాటు ప్రాసెసర్ తరం కూడా అడగండి, అమ్మేవాడు ‘ఐ5 అన్నా, సూపర్ ఫాస్ట్’ అంటాడు, ఏ తరం ఐ5 అన్నదే ప్రశ్న.

రెండు: గొడుగు ముందే కొనిపెట్టుకోండి

బ్యాకప్ అనగానే మనవాళ్లు ‘డీ డ్రైవ్‌లో ఉందిలే’ అంటారు. చాలా కంప్యూటర్లలో సీ, డీ రెండూ ఒకే డిస్కులో గీసిన గీతలు. డిస్కు పోతే రెండూ పోతాయి.

డీ డ్రైవ్ మీద నమ్మకం పెట్టుకున్నవాళ్లకు ఇంకో కథ కూడా చెప్పాలి. 2018 అక్టోబర్ 2న విండోస్ 10లో 1809 అనే పెద్ద అప్‌డేట్ విడుదలైంది. కొన్నాళ్లకే దాన్ని ఆపేశారు, ఎందుకంటే కొందరి డాక్యుమెంట్లు, ఫొటోలు మాయమయ్యాయి. ఎవరివి? డాక్యుమెంట్స్ లాంటి ఫోల్డర్లను వేరే చోటికి, అంటే డీ డ్రైవ్ లాంటి చోటికి మళ్లించుకుని, పాత ఫైళ్లను మాత్రం పాత చోటే వదిలేసినవాళ్లవి. ఖాళీ ఫోల్డరే కదా అనుకుని అప్‌డేట్ ఆ పాత చోటును తుడిచేసింది. సరిచేసి మళ్లీ వదిలింది నవంబర్ 13న. అంటే జాగ్రత్తపరులమనుకున్నవాళ్లే మునిగారు.

కాబట్టి బయటి హార్డ్ డిస్కు ఒకటి, నెలకోసారి కాపీ, కాపీ అయ్యాక తీగ పీకి బీరువాలో పెట్టడం. డీటీపీ వాళ్లయితే పేజీలు కూర్చే పేజ్‌మేకర్ ఫైళ్లతో పాటు తెలుగు అక్షరాలకు వాడే అను ఫాంట్లు, వాటి ఇన్‌స్టాలర్, కీబోర్డ్ లేఅవుట్ సెట్టింగు కూడా దాచండి. 2001 నాటి పేజ్‌మేకర్ 7తో ఇంకా పత్రికలు కొడుతున్న షాపులు మన చుట్టుపక్కల జిల్లాల్లో ఎన్నో ఉన్నాయి, అందులో మాదీ ఒకటి. ఫైలు ఉండి ఫాంటు లేకపోతే పెళ్లిపత్రిక మంత్రాల్లా కనబడుతుంది. ట్యాలీ వాళ్లు డేటా ఫోల్డర్ ఎక్కడుందో ముందు కనుక్కోండి, చాలామందికి అది తెలియదు, సెటప్ చేసిపోయినవాడికి తెలుసు, వాడు ఇప్పుడు బెంగళూరులో ఉంటాడు.

తర్వాత బిట్‌లాకర్, అంటే డిస్కుకు విండోస్ వేసే తాళం. కొత్త ల్యాప్‌టాప్‌లలో డిస్కు దానంతట అదే ఎన్‌క్రిప్ట్ అయి, అంటే తాళం పడి ఉండొచ్చు. అప్‌డేట్‌లో ఏదైనా తేడా వస్తే, ముఖ్యంగా బయాస్ (విండోస్ కంటే ముందు లేచి కంప్యూటర్‌ను లేపే ప్రోగ్రాం) అప్‌డేట్ తర్వాత, 48 అంకెల రికవరీ కీ ఇవ్వమంటుంది. అది లేకపోతే మీ ఫైళ్లు ఎవరూ తెరవలేరు, పెద్ద మెకానిక్ కూడా. సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ కింద డివైస్ ఎన్‌క్రిప్షన్ ఆన్‌లో ఉందేమో చూడండి. ఉంటే ఆ కీ మామూలుగా మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది. లోపలికి వెళ్లి, కాగితం మీద రాసి పెట్టుకోండి. ఆ ఖాతా సెటప్ చేసినప్పుడు షాపువాడి ఈమెయిల్ పెట్టాడేమో కూడా చూసుకోండి, ఇది నేను కళ్లారా చూసిన సంగతి.

ఆఖరుగా 8 జీబీ పెన్‌డ్రైవ్ ఒకటి. మైక్రోసాఫ్ట్ సైట్‌లోని మీడియా క్రియేషన్ టూల్‌తో విండోస్‌ను అందులోకి ఎక్కించి పక్కన పెట్టండి. కంప్యూటర్ చెడ్డాక ఇది చేయాలంటే ఇంకో కంప్యూటర్ వెతుక్కోవాలి.

మూడు: రెండో మంగళవారం సంగతి

నా దృష్టిలో ఈ మొత్తంలో ముఖ్యమైంది ఇదే. 2003 నుంచి మైక్రోసాఫ్ట్ ప్రతి నెలా రెండో మంగళవారం భద్రతా అప్‌డేట్లు వదులుతోంది. అక్కడ ఉదయం పది అంటే మనకు రాత్రి పదిన్నర, చలికాలంలో పదకొండున్నర. అంటే మన షాపు కంప్యూటర్‌కు అది బుధవారం పొద్దున తగులుతుంది, సరిగ్గా కస్టమర్లు వచ్చే వేళకు.

2021 మార్చి 9న వచ్చిన అప్‌డేట్ వేసుకున్న కొన్ని కంప్యూటర్లలో ప్రింట్ ఇవ్వగానే నీలం తెర పడి మొత్తం కూలిపోయేది, అదీ కొన్ని రకాల ప్రింటర్లకు మాత్రమే. సవరణ మార్చి 15న వచ్చింది. వారం ఆగినవాడికి ఆ బగ్ ఉందనే తెలియలేదు. నా లెక్క అంతా దీని మీదే నడుస్తుంది.

చేయాల్సింది: సెట్టింగ్స్, విండోస్ అప్‌డేట్, పాజ్ అప్‌డేట్స్. హోమ్ ఎడిషన్‌లో కూడా ఐదు వారాల దాకా పాజ్ చేయొచ్చు. నేను రెండో మంగళవారం ముందు రోజు పాజ్ నొక్కి, ఆ పై వారం ఆదివారం తీస్తాను. మధ్యలో మైక్రోసాఫ్ట్ వాళ్లదే విండోస్ రిలీజ్ హెల్త్ అనే పేజీ చూస్తాను. తెలిసిన సమస్యలన్నీ వాళ్లే అక్కడ రాస్తారు. ప్రింటర్, ఫింగర్‌ప్రింట్ స్కానర్ అన్న మాటలు ఉన్నాయేమో చూసుకుని, లేకపోతే ఆదివారం మధ్యాహ్నం, కరెంటు నిలకడగా ఉన్నప్పుడు, యూపీఎస్ ఆన్‌లో పెట్టి వేస్తాను. షాపు గోడ క్యాలెండర్‌లో ఆ మంగళవారాలకు ఎర్ర సున్నా చుట్టి ఉంటుంది, ఆంజనేయస్వామి పూజకు అనుకుంటారు వచ్చినవాళ్లు.

అదే పేజీలో ‘అందుబాటులోకి రాగానే కొత్త అప్‌డేట్లు ఇవ్వు’ అనే అర్థంలో ఒక మీట ఉంటుంది, అది ఆఫ్‌లో ఉండాలి. ఆన్ చేస్తే ఇంకా అందరికీ చేరని మార్పులు ముందు మీకే వస్తాయి. నెలాఖరు వైపు ప్రివ్యూ అనే పేరుతో వచ్చే ఐచ్ఛిక అప్‌డేట్‌ను ముట్టుకోవద్దు, వచ్చే నెల అసలు అప్‌డేట్‌లో అది ఎలాగూ కలుస్తుంది. ఆప్షనల్ అప్‌డేట్స్‌లో కనిపించే డ్రైవర్లు కూడా అంతే, ప్రింటర్ బాగా నడుస్తుంటే దాని డ్రైవర్‌తో మీకేం పని?

అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో యాక్టివ్ అవర్స్ ఉంటాయి, అంటే అప్‌డేట్ కోసం దానంతట అదే రీస్టార్ట్ కాకూడని వేళలు. షాపు వేళలు పెట్టండి, గరిష్ఠంగా 18 గంటలు ఇస్తుంది. అక్కడే డెలివరీ ఆప్టిమైజేషన్ ఉంది, అది ఆన్‌లో ఉంటే, సెట్టింగును బట్టి మీ నెట్‌తో వేరే కంప్యూటర్లకు అప్‌డేట్ ముక్కలు పంపించొచ్చు. ఫోన్ హాట్‌స్పాట్ మీద బతికేవాళ్లు ముందు దాన్ని ఆపండి, తర్వాత ఆ వైఫై కనెక్షన్ ప్రాపర్టీస్‌లోకి పోయి మీటర్డ్ కనెక్షన్, అంటే ‘ఈ నెట్ లెక్క ప్రకారం వాడాలి’ అనే మీట, ఆన్ చేయండి. చాలావరకు అప్‌డేట్లు వాటంతట అవి దిగవు, రోజువారీ డేటా పొద్దున్నే అయిపోదు.

పది కంప్యూటర్లున్న ఆఫీసో, నెట్ సెంటరో అయితే ఒకదానికి ముందు వేసి రెండు రోజులు చూడండి. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సాఫ్ట్‌వేర్ పంపిన ఒక చెడ్డ ఫైలు వల్ల దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలం తెరలో పడ్డాయి, హైదరాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. అది విండోస్ అప్‌డేట్ కాదు. కానీ ఒకేసారి అందరికీ పంపితే ఏమవుతుందో అందులో కనబడింది.

నాలుగు: చెడింది, ఇప్పుడేం చేయాలి

ముందు ఆగండి. నిజంగానే. పాత హార్డ్ డిస్కు ఉన్న కంప్యూటర్‌లో 30 శాతం దగ్గర గంట నిలిచినా అది పని చేస్తూ ఉండొచ్చు. సీపీయూ డబ్బా మీద డిస్కు లైటు మిణుకుమిణుకుమంటోందంటే వదిలేయండి. నేను ఆ రోజు మధ్యాహ్నం రెండు దాకా కూర్చున్నది ఇందుకే, అది తనంతట తాను మార్పులు వెనక్కి తీసుకుంటోంది, ఇంకోసారి మెయిన్ దించి ఉంటే ఫార్మాటే గతి. ఒకటికి పదిసార్లు రీసెట్ నొక్కడం మన జనానికున్న పెద్ద జబ్బు.

డెస్క్‌టాప్ దాకా వచ్చి, ఏదో ఒకటి పనిచేయకపోతే రెండుసార్లు రీస్టార్ట్ చేసి చూడండి. కొన్ని బగ్గులను మైక్రోసాఫ్ట్ అక్కడి నుంచే ఆఫ్ చేసే ఏర్పాటు ఉంది, రీస్టార్ట్‌తో అది త్వరగా అందుతుంది. కాలేదంటే సెట్టింగ్స్, విండోస్ అప్‌డేట్, అప్‌డేట్ హిస్టరీ, అడుగున అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్. తేదీ చూసి కొత్తది తీసేయండి. తీసిన వెంటనే పాజ్ నొక్కాలి, లేకపోతే రేపు పొద్దునకు మళ్లీ అదే వచ్చి కూర్చుంటుంది. ఏడాదికోసారి వచ్చే పెద్ద వెర్షన్ మార్పు అయితే దారి వేరు: సిస్టమ్, రికవరీ, గో బ్యాక్. దానికి మామూలుగా పది రోజులే గడువు, తర్వాత ఆ బటన్ పనిచేయదు.

అసలు డెస్క్‌టాపే రాకపోతే? ఆన్ చేసి లోగో కనబడగానే పవర్ బటన్ పట్టుకుని ఆపేయండి. ఇలా రెండుసార్లు చేస్తే మూడోసారి ఆటోమేటిక్ రిపేర్ తెర వస్తుంది. అక్కడ అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, ట్రబుల్‌షూట్, మళ్లీ అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్. క్వాలిటీ అంటే నెలవారీది, ఫీచర్ అంటే పెద్దది. ముందు క్వాలిటీది తీసి చూడండి. బిట్‌లాకర్ కీ అడిగేది సాధారణంగా ఇక్కడే, ఆ కాగితం ఇప్పుడు బయటికి తీయండి. ఒక హెచ్చరిక, ఈ పవర్ బటన్ చిట్కా లోగో దగ్గర మాత్రమే. శాతం అంకెలు తిరుగుతున్నప్పుడు చేస్తే నా కథే మీకూ.

అప్‌డేట్ దిగుతూ దిగుతూ మాటిమాటికీ ఎర్రర్ ఇస్తుంటే, సగం దిగిన ఫైళ్లు పాడై ఉంటాయి. స్టార్ట్‌లో సర్వీసెస్ అని వెతికి, విండోస్ అప్‌డేట్ మీద కుడి క్లిక్ చేసి స్టాప్ నొక్కండి, బ్యాక్‌గ్రౌండ్ ఇంటెలిజెంట్ ట్రాన్స్‌ఫర్ సర్వీస్‌ను కూడా. సీ డ్రైవ్‌లో విండోస్ ఫోల్డర్ లోపల సాఫ్ట్‌వేర్‌డిస్ట్రిబ్యూషన్ అనే ఫోల్డర్ ఉంటుంది, దాని పేరు చివర ఓల్డ్ అని తగిలించండి. రెండు సర్వీసులూ మళ్లీ స్టార్ట్ చేసి, రీస్టార్ట్ ఇచ్చి, అప్‌డేట్ వెతకండి. నేను చూసిన కేసుల్లో సగం దీనితోనే కుదురుకున్నాయి.

దానికీ లొంగకపోతే కమాండ్ ప్రాంప్ట్‌ను, అంటే ఆదేశాలు టైపు చేసే పెట్టెను, అడ్మినిస్ట్రేటర్‌గా తెరవండి. ముందు డీఐఎస్‌ఎం, స్పేస్, స్లాష్ ఆన్‌లైన్, స్పేస్, స్లాష్ క్లీనప్ అడ్డగీత ఇమేజ్, స్పేస్, స్లాష్ రిస్టోర్‌హెల్త్. అదయ్యాక ఎస్‌ఎఫ్‌సీ, స్పేస్, స్లాష్ స్కాన్‌నౌ. అన్నీ ఇంగ్లిష్ అక్షరాలే, రిస్టోర్‌హెల్త్, స్కాన్‌నౌ ఒక్కో పదంగా. వరుస ఇదే ఉండాలి, ఎందుకంటే ఎస్‌ఎఫ్‌సీ చెడిన ఫైలుకు బదులు మంచి ఫైలును ఒక గోదాము లాంటి చోటు నుంచి తెస్తుంది, ఆ గోదామును బాగుచేసేది డీఐఎస్‌ఎం. 62 శాతం దగ్గరో ఎక్కడో ఆగినట్టు కనిపిస్తుంది, టీ తాగి రండి.

అన్నిటికీ మీరే కారణం అనుకోకండి. 2024 జనవరిలో కేబీ 5034441 అనే అప్‌డేట్ లక్షణంగా ఉన్న కంప్యూటర్లలో కూడా ఫెయిల్ అయింది. రికవరీ పార్టిషన్‌లో 250 ఎంబీ ఖాళీ లేకపోవడమే కారణం, ఆ పార్టిషన్‌ను అంత చిన్నగా చేసింది వాడేవాళ్లు కాదు. ఎర్రర్ నంబరును యథాతథంగా వెతికి, అందరికీ వస్తోందా నాకొక్కడికేనా అని చూడటం ముందు చేయాల్సిన పని. అందరికీ వస్తుంటే చేతులు కట్టుకుని కూర్చోవడమే మందు.

ఐదు: పిలవని చుట్టాలను పంపించడం

నిరుడు మా అక్క కొడుకు కాలేజీకని కొత్త ల్యాప్‌టాప్ తెచ్చుకున్నాడు, కంపెనీ పేరు వద్దులెండి. ఆన్ చేసిన అరగంటలో ఆరు పాపప్‌లు: యాంటీవైరస్ గడువు, క్లౌడ్‌లో చోటు, వారంటీ పొడిగింపు, ఏదో గేమ్. “మామా, ఇది నాదా వాళ్లదా?” అన్నాడు.

ఇది చిరాకు ఒక్కటే కాదు. 2015 ఫిబ్రవరిలో లెనోవో ల్యాప్‌టాప్‌లు కొన్నిటిలో సూపర్‌ఫిష్ అనే ప్రకటనల ప్రోగ్రాం ముందే ఎక్కించి ఉన్నట్టు బయటపడింది. అది తాళం గుర్తున్న సురక్షిత సైట్ల రాకపోకల్లోకి కూడా చొరబడింది, బ్యాంకు పనులకు ఎంత ప్రమాదమో మీరే ఊహించుకోండి.

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్. స్టార్టప్ యాప్స్‌లో మీకు అవసరం లేనివన్నీ డిసేబుల్ చేయండి, దీనివల్ల ఏదీ డిలీట్ కాదు, ఆన్ చేయగానే లేవడం మానేస్తుంది, అంతే. తర్వాత సెట్టింగ్స్, యాప్స్, ఇన్‌స్టాల్డ్ యాప్స్. ట్రయల్ యాంటీవైరస్ తీసేయండి, విండోస్‌లోని డిఫెండర్ దానంతట అదే లేస్తుంది. ‘పీసీ క్లీనర్’, ‘డ్రైవర్ అప్‌డేటర్’, ‘బూస్టర్’ అని పేరున్నది ఏదైనా తీసేయొచ్చు. విజువల్ సీ ప్లస్ ప్లస్ అని వరుసగా నాలుగైదు కనిపిస్తాయి, వాటి జోలికి పోవద్దు, ఒకేలా ఉన్నాయని ఒకాయన తీసేస్తే ఆయన బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ తెరుచుకోలేదు.

టాస్క్‌బార్ సెట్టింగ్స్‌లో విడ్జెట్స్ ఆఫ్. పర్సనలైజేషన్‌లో స్టార్ట్ కింద సిఫార్సులు ఆఫ్. సిస్టమ్, నోటిఫికేషన్స్ పేజీ అట్టడుగున అడిషనల్ సెట్టింగ్స్‌లో ఉండే టిక్కులు తీసేయండి, ‘మీ కంప్యూటర్ సెటప్ పూర్తి చేసుకోండి’ అనే గోల పోతుంది. ఎడ్జ్ సెట్టింగ్స్‌లో స్టార్టప్ బూస్ట్ ఆఫ్. పెద్ద అప్‌డేట్ తర్వాత వీటిలో ఒకటో రెండో మళ్లీ తెరుచుకుని ఉంటాయేమో ఓసారి చూసుకోండి.

చోటు కోసం స్టోరేజ్, టెంపరరీ ఫైల్స్. ఆ జాబితాలో డౌన్‌లోడ్స్ కూడా ఉంటుంది, ‘టెంపరరీయే కదా’ అని దానికి టిక్ పెట్టి ఆధార్ కాపీలు, హాల్‌టికెట్లు పోగొట్టుకున్నవాళ్లు నాకు తెలుసు. పాత విండోస్ ఇన్‌స్టలేషన్ అన్నదాన్ని కొత్త వెర్షన్ బాగుందని తేలే దాకా తుడవకండి, వెనక్కి వెళ్లే దారి అదే.

అనవసరమైనవన్నీ ఒక్క దెబ్బకు తీసేస్తామనే డీబ్లోట్ స్క్రిప్టులు, ఎవరో కోసి చిన్నది చేసిన ‘లైట్’ విండోస్‌లు నేను ఎవరికీ పెట్టను. ఎవరో తెలియనివాళ్లు రాసిన స్క్రిప్టుకు అడ్మినిస్ట్రేటర్ హక్కులిచ్చి, అది ఏం తీసేసిందో తెలియక, ఆరు నెలల తర్వాత అప్‌డేట్ ఎందుకు పడటం లేదో అర్థం కాక కూర్చోవడం కంటే చేత్తో గంటసేపు ఏరుకోవడం నయం. పెన్‌డ్రైవ్‌లో లైట్ విండోస్ పట్టుకొచ్చే మెకానిక్ మంచివాడే కావొచ్చు, దాన్ని తయారుచేసినవాడెవడో ఆయనకూ తెలియదు.

ఆరు: ఎంత ఏరినా నత్తనడకే అయితే

టాస్క్ మేనేజర్‌లో డిస్క్ 100 శాతం దగ్గరే అతుక్కుని ఉంటే, అది హార్డ్ డిస్కు అయితే, సాఫ్ట్‌వేర్‌తో కుస్తీ ఆపి, దాని బదులు ఎస్‌ఎస్‌డీ అనే వేగమైన డిస్కు వేయించండి. విండోస్ 11కి కనీసం 4 జీబీ ర్యామ్ అని రాశారు, 4 జీబీతో లేస్తుంది, పని చేయించడం వేరే సంగతి, 8 ఉండాలి. మా షాపులో పాత డెస్క్‌టాప్ లేవడానికి నాలుగు నిమిషాలు పట్టేది, ఎస్‌ఎస్‌డీ వేశాక నిమిషం లోపే. మన వైపు ఎండాకాలం దుమ్ము సంగతి తెలిసిందే, ఎస్‌ఎస్‌డీకి డబ్బా ఎలాగూ విప్పుతారు, అప్పుడే ఫ్యాను కూడా తుడిపించండి.

విండోస్ 11 ఎక్కని మిషన్‌కు విండోస్ బదులు ఉచితంగా దొరికే లైనక్స్ మింట్ మంచిదే, నెట్టు చూసుకోవడానికి, సినిమాలకు, పిల్లల చదువులకు హాయిగా నడుస్తుంది. అను ఫాంట్లు, పేజ్‌మేకర్, ట్యాలీ మీద బతికే షాపుకు మాత్రం చెప్పను. ముందు పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూడొచ్చు, ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు. ప్రింటర్ కదిలితేనే ముందుకు పోండి.